కరీముల్లా కస్టమరైన రోజు

నరసరావుపేటలో సత్తెనపల్లి రోడ్డు మీదున్న కరీముల్లా షెడ్డుకు బోర్డు లేదు. ఒకప్పుడుండేది. గాలివానకు పడిపోయాక మళ్ళీ పెట్టించలేదు, పెట్టించాల్సిన అవసరమూ రాలేదు. పల్నాడులో ఎవరి కారు ఎక్కడ ఆగినా, దాని యజమాని దిగి, బానెట్ ఎత్తి, అన్నీ తెలిసినట్టు ఓసారి లోపలికి చూసి, ఆ తర్వాత చేసే మొదటి పని కరీముల్లాకు ఫోన్ కొట్టడమే.

కరీముల్లా తాత ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టినవాడు. తండ్రి లారీ డ్రైవరు. కరీముల్లా చిలకలూరిపేట లారీ షెడ్లలో పని నేర్చుకుని, ముప్పయ్యేళ్ళ కిందట ఇక్కడ సొంతంగా రేకులు వేసుకున్నాడు. ఇప్పుడాయనకు యాభై ఆరు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి గాని చెవులు మాత్రం చెక్కుచెదరలేదు. “ఒకసారి స్టార్ట్ చేసి ఫోను ఇంజను కాడ పెట్టు” అంటాడు. రెండు క్షణాలు విని, “బెల్టు పోయింది, బండి కదిలియ్యమాక, వస్తన్నా” అంటాడు. శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళ మూడు రోజులూ కొండ దారిలోనే కాపురం. స్వామి దర్శనానికొచ్చిన కార్లలో సగం ముందు కరీముల్లా దర్శనం చేసుకుని గాని పైకెక్కవని జనం నవ్వుకుంటారు.

ఆ ఫోను ముందుగా ఎత్తేది మాత్రం ఆయన కాదు, భార్య అబిదా. గ్రీజు చేతులతో ఎత్తి ఎత్తి మూడు ఫోన్లు పాడుచేశాక, షెడ్డు నంబరు ఆమె చేతికొచ్చింది. “ఏ బండి? ఎక్కడుంది? ఆగేముందు ఏమన్నా శబ్దమొచ్చిందా? పొగ నల్లదా తెల్లదా?” అని అడిగి, కారు కిందున్న భర్తకు వంగి చెబుతుంది. ఆయన కిందనుంచే జవాబిస్తాడు. ఆ జవాబును ఆమె ఫోన్లో అప్పజెబుతుంది. పదేళ్ళుగా వాళ్ళ సంసారంలో మాటలు ఎక్కువభాగం ఇలాగే, కారుకు పైనొకరు కిందొకరుగా సాగాయి.

అబిదా పుట్టిల్లు మాచర్ల. అక్కడ వాళ్ళది బట్టల కొట్టు. పెళ్ళైన కొత్తలోనే అత్తారింట కరీముల్లాకు ‘మెకానిక్ బావ’ అని పేరు పడింది. ప్రేమగానే అంటారు. ప్రేమగా అంటారు గనక కోప్పడే వీలు కూడా లేకుండా పోయింది. వాళ్ళింట ఏ పెళ్ళి జరిగినా, ఏ వలీమా విందు జరిగినా, మెకానిక్ బావ వచ్చాడని తెలియగానే అప్పటిదాకా బాగున్న బండ్లు కూడా ఏదో ఒక జబ్బు గుర్తు తెచ్చుకునేవి. “బావా, బ్రేకు కొంచెం పట్టేస్తంది, ఒక్క చూపు చూడు.” ఆ ఒక్క చూపు రెండు గంటలు పట్టేది. ఈయన చేతులు కడుక్కుని వచ్చేసరికి బిర్యానీలో ముక్కలు అయిపోయి అన్నం మిగిలేది. అబిదా అక్క కూతురి పెళ్ళి ఆల్బంలో ఆయన ఉన్న ఫోటో ఒక్కటే ఉంది. టెంపో కిందనుంచి బయటికి వచ్చిన రెండు పాదాలు. అవి ఎవరివో గుర్తుపట్టగలిగింది కూడా అబిదా ఒక్కతే.

ఈసారి పెళ్ళి ఆమె తమ్ముడు ముర్తుజా కూతురిది. ముర్తుజాను చిన్నప్పుడు ఎత్తుకు పెంచింది అబిదాయే. పెళ్ళికి నెలన్నర ఉందనగా ఒక రోజు ఆమె అన్నం పెడుతూ మాట తెగేసి చెప్పింది.

“చూడయ్యా. ఈ పెళ్ళికి నువ్వు పెళ్ళికొచ్చినోడిలాగా రావాల. తెల్ల చొక్కా వేసుకోవాల. అది సాయంత్రందాకా తెల్లగానే ఉండాల. స్పానరు పట్టుకున్నావంటే నేను మళ్ళీ నీతో ఏ పెళ్ళికీ రాను.”

“మన కారే దారిలో ఆగితేనో?” అన్నాడు కరీముల్లా.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆయన కారు పన్నెండేళ్ళ నాటి డీజిల్ బండి. ఊళ్ళో అందరి కార్లూ బాగుచేసే మనిషికి తన కారు చూసుకునే తీరిక ఎప్పుడూ దొరకలేదు. ఆదివారం చూద్దామనుకుంటాడు, ఆదివారం ఇంకెవరిదో ఆగుతుంది.

“ఆగితే వేరే ఎవుణ్ణన్నా పిలువు. లోకంలో మెకానిక్కువి నువ్వొక్కడివేనా?”

కరీముల్లా ఆలోచనలో పడ్డాడు. తన కారు ఆగితే తాను ఎవరికి ఫోన్ చెయ్యాలి? ముప్పయ్యేళ్ళలో ఆ ప్రశ్న ఆయనకు ఎదురుకాలేదు.

దానికి జవాబు కూతురు సబీహా తెచ్చింది. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. దారిలో బండి ఆగితే ఒక నంబరుకు ఫోన్ చెయ్యడం, వాళ్ళు మనిషిని పంపడం, కుదరకపోతే బండిని లాక్కుపోవడం – ఇందుకు ఏడాదికింతని కట్టే పాలసీలున్నాయని, తన స్కూల్లో కార్లున్న టీచర్లందరూ తీసుకున్నారని చెప్పి, మూడు కంపెనీల కాగితాలు తెచ్చి తండ్రి ముందు పరిచింది. ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది, ఒకటి నీలంది. కంపెనీల పేర్లు ఇంగ్లీషులో పొడుగ్గా ఉన్నాయి గనక ఇంట్లో రంగులతోనే పిలుచుకున్నారు.

“పచ్చది చానా చవక నాన్నా. సర్వీసు కూడా మంచిదని రాశారు.”

కరీముల్లా ఆ కాగితాన్ని వేలితో పక్కకు నెట్టాడు. “ఇది వద్దులేమ్మా. వీళ్ళ మనిషి ఎట్టాంటోడో నాకు తెలుసు.”

“ఎవరు?”

“నేనే.”

నిజమే. ఏడెనిమిదేళ్ళ కిందట ఒకాయన హైదరాబాదునుంచి వచ్చి, సంతకం పెట్టించుకుని, ఈ చుట్టుపక్కల పచ్చ కంపెనీ కేసులు ఈయనకు అప్పగించి పోయాడు. నెలకు నాలుగైదు వస్తుంటాయి. “గంటలో నిపుణుడు మీ దగ్గరుంటాడు” అని వాళ్ళు కస్టమరుకు చెబుతారు. ఆ నిపుణుడు చేతిలో పని పూర్తిచేసి, అన్నం తిని, అప్పుడు బయల్దేరతాడు. ఈ సంగతి నిపుణుడికంటే బాగా తెలిసినవాళ్ళెవరుంటారు?

ఎర్ర కాగితం మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉంది. సబీహా చదువుతూ పోయింది. బండిని ఇరవై కిలోమీటర్లదాకా ఉచితంగా లాక్కుపోతారు. 

“అంటే మాచర్లలో ఆగితే రెంటచింతల కాడ దించి సలాం కొట్టి పోతాడు,” అన్నాడు కరీముల్లా. “డీజిలైపోతే?”

“తెచ్చిస్తారంట. ఐదు లీటర్లు. డీజిలు డబ్బులు మాత్రం మనవే.”

“మరి వాడిచ్చేదేంది? డబ్బానా?”

“ఇంకోటుంది నాన్నా, కింద చిన్న అక్షరాల్లో. పదేళ్ళు దాటిన బండ్లకి వర్తించదంట.”

కరీముల్లాకు నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్ళుగా చూస్తున్నాడు, కొత్త కార్లు ఆగడం తక్కువ. ఆగని బండ్లను మాత్రమే కాపాడతామని ఇంత అందంగా అచ్చువేసిన కంపెనీ మీద ఆయనకు ఒకరకమైన గౌరవం కూడా కలిగింది.

ఇక మిగిలింది నీలంది. అన్నిట్లోకీ ఖరీదైంది. కాగితమే దళసరిగా, నున్నగా ఉంది. పదిహేనేళ్ళ బండికి కూడా పనికొస్తుంది. వంద కిలోమీటర్లు లాక్కుపోతారు. బండి బాగుకాకపోతే మనల్ని వేరే కారులో చేరవేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అరవై నిమిషాల్లో ‘ప్రత్యేక శిక్షణ పొందిన సర్టిఫైడ్ నిపుణుడు’ వస్తాడు. కరీముల్లా ఆ మాటను కూతురితో రెండుసార్లు చదివించుకున్నాడు. తనకు శిక్షణ లేదు, సర్టిఫికెట్టు అంతకన్నా లేదు. ఆ మనిషి ఎలా ఉంటాడో, ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుంటాడేమో, చేతికి తొడుగులుంటాయేమో, అని ఊహించుకున్నాడు. కట్టిన పదిహేను రోజులదాకా సర్వీసు ఉండదన్న షరతు చూసి, వేళ్ళ మీద రోజులు లెక్కబెట్టి, పెళ్ళినాటికి ఆ గడువు దాటిపోతుందని తేల్చాడు.

“నీకేదనిపిస్తంది?” అని భార్యనడిగాడు.

“ఏదైతే నాకేంది? వచ్చేవోడు నువ్వు కాకపోతే చాలు,” అంది అబిదా.

అలా నీలంది కట్టారు. ప్లాస్టిక్ కార్డు ఒకటి పోస్టులో వచ్చింది. కరీముల్లా దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగాడు. షెడ్డుకొచ్చిన ఒకరిద్దరికి చూపించాడు కూడా. మెకానిక్కు బ్రేక్‌డౌన్ పాలసీ తీసుకోవడమేందని వాళ్ళు నవ్వితే, “డాక్టర్లు డాక్టరు కాడికి పోరా?” అన్నాడు.

పెళ్ళి రోజు పొద్దున ఏడింటికి బయల్దేరారు. నిఖా పదకొండున్నరకు. సబీహా ముందురోజే మాచర్ల వెళ్ళిపోయింది. బయల్దేరేముందు అబిదా కారు డిక్కీ తెరిచి, అందులో ఉన్న సామాను సంచీ తీసి షెడ్డులో పెట్టి తాళం వేసింది. స్క్రూడ్రైవరు కూడా మిగల్చలేదు. కరీముల్లా అడ్డు చెప్పలేదు. పర్సులో కార్డుంది.

ఫిబ్రవరి ఎండ ఇంకా ముదరలేదు. పిడుగురాళ్ళలో టీ తాగి, కారంపూడి దారి పట్టారు. రోడ్డుకు రెండు పక్కలా మిరపచేలు ఎర్రగా ఉన్నాయి. కల్లాల్లో కాయలు ఆరబోసి ఉన్నాయి, అద్దాలు ఎత్తుకున్నా ఘాటు ముక్కుకు తగులుతోంది. తెల్ల చొక్కాలో కరీముల్లా నిటారుగా కూర్చుని నడుపుతున్నాడు. అబిదా రెండుసార్లు ఆయన వైపు చూసింది. బాగున్నావని అనలేదు గాని, కాలరు సరిచేసింది.

కారంపూడి దాటి ఏడెనిమిది కిలోమీటర్లు వెళ్ళాక కరీముల్లా చెవులు నిక్కబొడుచుకున్నాయి. సన్నటి ఈల లాంటి చప్పుడు. వేడి చూపించే ముల్లు పైకి లేస్తోంది. బండిని పక్కకు తీసి ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి బుసకొట్టింది.

“రేడియేటరు పై పైపు. చివర చీలింది,” అన్నాడు సీట్లోంచి కదలకుండానే. దాన్ని మార్చాలని ఆయన అనుకుంటూ ఎనిమిది నెలలైంది. చెయ్యి తలుపు మీదికి పోయింది.

“దిగమాక,” అంది అబిదా. “ఫోన్ చెయ్యి.”

కార్డు తీసి, వెనకనున్న నంబరుకు చేశాడు. పాట వినిపించింది. హిందీకి ఒకటి నొక్కమన్నారు, ఇంగ్లీషుకు రెండు. తెలుగుకు తొమ్మిది. తొమ్మిది నొక్కితే ఒక అమ్మాయి హిందీలో పలకరించి, ఈయన తెలుగు విని తెలుగులోకి దిగింది.

“సర్, మీ లొకేషన్ చెప్పండి. దగ్గర్లో ల్యాండ్‌మార్క్ ఏముంది?”

“మిరపచేను.”

“ఇంకేదైనా సర్? మాల్, బ్యాంక్, ఫంక్షన్ హాల్?”

కరీముల్లా చుట్టూ చూశాడు. “అవతలి పక్క కూడా మిరపచేనే తల్లీ.”

ఆమె ఒక లింకు పంపింది. సిగ్నల్ ఒక గీత దగ్గర ఊగిసలాడింది. ఎట్టకేలకు అది తెరుచుకుని, వాళ్ళున్న చోటు ఆమెకు కనిపించింది. బండికి ఏమైందని అడిగింది. రేడియేటరు పై హోసు చివర అంగుళం మేర చీలిందని కరీముల్లా చెప్పాడు. “సర్, దయచేసి మీరు బండిని ముట్టుకోకండి. అది మా నిపుణుడు చూసి నిర్ధారిస్తారు,” అందామె. ఆ మాట ఆయన గతంలో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. ఇప్పుడు వింటుంటే కొంచెం గుచ్చుకుంది. అరవై నిమిషాల్లో నిపుణుడు మీ దగ్గరుంటాడని చెప్పి ఆమె పెట్టేసింది.

“గంటంటే పదింబావు. మాచర్లకి అరగంట చాలు. అందుకుంటాం,” అన్నాడు కరీముల్లా గర్వంగా. కార్డును చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పర్సులో పెట్టుకున్నాడు. సీటు వెనక్కి వాల్చి, కస్టమర్లందరూ కూర్చున్నట్టే కూర్చున్నాడు.

నాలుగు నిమిషాలు కూడా గడవలేదు, అబిదా చేతిసంచీలో షెడ్డు ఫోను మోగింది. అలవాటు కొద్దీ ఎత్తింది.

“మేడమ్, కరీముల్లా మోటార్స్ కదా? మీ ఏరియాలో ఒక అర్జెంట్ కేసుంది.” పచ్చ కంపెనీ గొంతు. “కారంపూడి దాటాక, మాచర్ల రోడ్డు. తెల్ల డీజిల్ కారు. రేడియేటర్ హోస్ అంటున్నారు కస్టమరు, మీరు వెళ్ళి కన్ఫర్మ్ చెయ్యాలి.”

అబిదా భర్త వైపు చూసింది. “కస్టమరు పేరేందమ్మా?”

“కరీ... కరీముల్లా. ఓ, మీ షాపు పేరే మేడమ్! కోఇన్సిడెన్స్.”

“ఇది మీ కంపెనీ కేసేనా? ఆయన నీలం... వేరే కంపెనీకి గదా కట్టింది?”

“అవును మేడమ్. వాళ్ళు మా పార్ట్‌నర్. పల్నాడు మొత్తం వాళ్ళ కేసులు కూడా మేమే చూస్తాం.”

“మేం రాలేకపోతే?”

“అప్పుడు గుంటూరునుంచి పంపాలి మేడమ్. మూడున్నర గంటలు పడుతుంది.”

అబిదా ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి విషయం చెప్పింది. కరీముల్లా పర్సులోంచి కార్డు తీసి మళ్ళీ చూశాడు. ఆ దళసరి కాగితం, ఆ నున్నటి అచ్చు, ఆ ప్రత్యేక శిక్షణ, ఆ యూనిఫాం, ఆ చేతి తొడుగులు – అన్నీ హైదరాబాదుదాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఈ సీట్లో వాలి కూర్చున్న మనిషి దగ్గరికే వచ్చి ఆగాయి. 

“ఆ సర్టిఫైడ్ నిపుణుడు...” అన్నాడు.

“నువ్వే,” అంది అబిదా. ఫోను మళ్ళీ చెవిన పెట్టుకుంది. “మేం చూసుకుంటాం, రాసుకోమ్మా.”

కరీముల్లా నిట్టూర్చి చొక్కా చేతులు మడవబోయాడు.

“ఏం చేస్తన్నావ్?”

“ఇంకేం చేస్తా? నిపుణుణ్ణి గదా.”

“నువ్వు కస్టమరువి. డబ్బు కట్టావు. కూర్చో,” అని అబిదా కారు దిగింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది. గాజులు తీసి సంచీలో వేసుకుంది.

“నీకు పిచ్చా? నీకేం తెలుసు?”

ఆమె వెనక్కి తిరిగింది. “నా చీర మీద మరక పడితే ఏందమ్మా అబిదా అని అడిగి ఊరుకుంటారు. నీ చొక్కా మీద పడితే మెకానిక్ బావ వచ్చాడంటారు. ముప్పయ్యేళ్ళు విన్నా. ఇయ్యాల వినదల్చుకోలేదు.”

కరీముల్లా చెయ్యి మడతపెట్టిన చొక్కా చేతిమీదే ఆగిపోయింది. ఆ పేరు తనను మాత్రమే గుచ్చుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. మడత విప్పుకున్నాడు.

పనిముట్లు లేవు. అబిదా మిరపచేలోకి నడిచింది. కాయలు కోస్తున్న ఆడవాళ్ళ ముఠాకు పెద్ద కొండమ్మ అనే ఆమె. విషయం విని, మందు కొట్టే స్ప్రేయరు పెట్టెలోంచి స్క్రూడ్రైవరు, సద్ది మూటలోంచి కత్తి తీసింది. రెండు బిందెల నీళ్ళు ఇంకొకామె చేత మోయించుకుని తానూ వచ్చింది. కారులో దర్జాగా కూర్చున్న కరీముల్లాను, బానెట్ ఎత్తుతున్న అబిదాను మార్చి మార్చి చూసింది.

“ఆయనేంది తల్లీ, అట్టా కూసున్నాడు? కాళ్ళు రావా?”

“ఆయన కస్టమరమ్మా,” అంది అబిదా.

“నువ్వో?”

“మెకానిక్కుని.”

కొండమ్మ కాసేపు పనిమాని గట్టు మీద కూర్చుంది. ఇలాంటిది రోజూ దొరకదు.

అబిదా వెంటనే చెయ్యి పెట్టలేదు. “మూత ఇప్పుడే తిప్పకూడదు, మొహం కాలిద్ది. చల్లారాల,” అని కొండమ్మకు చెప్పింది. కరీముల్లా చకితుడయ్యాడు. అవి తన మాటలే, తన గొంతులో ఉండే విసుగుతో సహా. పావుగంట ఆగి, క్లిప్పు స్క్రూ వదులుచేసింది. పైపు ఊడదీసి, చీలిన మేరకు కత్తితో గుండ్రంగా కోసింది.

అప్పటికి కరీముల్లా కారు దిగి ఆమె వెనక నిలబడ్డాడు. “అట్టా కాదు, కొంచెం అడ్డంగా... ఆఁ, ఇంకాస్త లోపలికి తొయ్యి... క్లిప్పు మరీ బిగియ్యమాక, కోసేస్తది...”

“తెలుసు.”

“ఎంతసేపు పట్టిద్ది?”

అబిదా తలెత్తి చూసింది. ముప్పయ్యేళ్ళుగా తన వెనక నిలబడి ఇవే మాటలన్న వాళ్ళందరూ కరీముల్లాకు గుర్తొచ్చారు. తన చూపు కూడా వాళ్ళకి ఇలాగే కనిపించి ఉంటుంది. చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అర నిమిషం ఆగాడు.

“మూతకి వాషరు ఉందో లేదో చూసుకున్నావా?” అన్నాడు మళ్ళీ.

నీళ్ళు పోసి, బండి స్టార్ట్ చేసి, ఇంకొన్ని పోసి, ఎక్కడా కారడం లేదని వంగి చూసింది. పని అయింది. కాని అయినట్టు కంపెనీ ఒప్పుకోవాలంటే షెడ్డు ఫోన్లో పని చేస్తున్న నిపుణుడి ఫోటో ఎక్కించాలి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, బుగ్గ మీద మసితో, చేతిలో స్క్రూడ్రైవరుతో ఉన్న భార్యను కరీముల్లా ఫోటో తీశాడు. ఆ తర్వాత కస్టమరు ఫోనుకు నాలుగంకెలు వచ్చాయి. కస్టమరు వాటిని నిపుణుడికి చదివి వినిపించాలి. వినిపించాడు. చివరికి, సర్వీసుకు ఐదింట్లో ఎన్ని చుక్కలిస్తారని ఫోను అడిగింది. నాలుగు నొక్కాడు.

“ఒకటి ఏమైంది?” అంది అబిదా భుజం మీదుగా చూసి.

“పని బాగుంది. కస్టమరుతో ఇంకొంచెం మర్యాదగా మాట్లాడాల.”

కొండమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. స్క్రూడ్రైవరు తిరిగిస్తే తీసుకుని, సద్దిలోంచి రెండు జొన్నరొట్టెలు బలవంతాన చేతిలో పెట్టి పంపింది.

పదకొండుంబావుకు ఫంక్షన్ హాలు చేరారు. కరీముల్లా మెట్లెక్కుతుంటే ముర్తుజా ఎదురొచ్చాడు. మామూలుగా అయితే “బావా, బయట వ్యాను...” అని మొదలుపెట్టాల్సిన మనిషి, ఆ తెల్ల చొక్కాను చూసి ఆగిపోయాడు. సరిగ్గా అప్పుడే లోపల సాక్షి కోసం వెతుకుతున్నారు. సాక్షిగా ఉండాల్సిన పెద్దాయన బస్సు అందక ఇంకా పిడుగురాళ్ళలోనే ఉన్నాడట. కరీముల్లాను తీసుకెళ్ళి కాజీ పక్కన కూర్చోబెట్టారు. ఆయన సంతకం పెట్టాడు. పెన్ను పట్టుకోవడానికి ముందు అలవాటుగా చేతులు ప్యాంటుకు తుడుచుకోబోయి, అవసరం లేదని గుర్తొచ్చి ఆగాడు. ఫోటోలవాడు ఎదురుగా నిలబడి ఏడెనిమిది తీశాడు. ముఖం కనిపించేలా.

ఆడవాళ్ళ వైపు అబిదా చేతులు దాచుకోలేక తంటాలు పడుతోంది. “వదినా, గోరింటాకు ఇంత నల్లగా పండిందేంది?” అని తమ్ముడి భార్య ఆశ్చర్యపోయింది. “నరసరావుపేట ఆకు,” అంది అబిదా. ఆ ఆకు ఎక్కడ దొరుకుతుందని ఇద్దరు ముగ్గురు గట్టిగానే వాకబు చేశారు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. పచ్చ కంపెనీ ఊరుకోలేదు. నాలుగు రోజుల తర్వాత హైదరాబాదునుంచి యశస్విని అనే అధికారిణి ఫోన్ చేసింది. గొంతులో మర్యాద, దాని కింద అనుమానం.

“మేడమ్, ఈ కేసులో నిపుణుడు కేసు ఇవ్వకముందే స్పాట్‌లో ఉన్నారు. పల్నాడులో ఇప్పటివరకు ఇదే ఫాస్టెస్ట్. సున్నా నిమిషాలు. కంప్యూటర్ దీనికి అభినందన లెటర్ తయారుచేసింది. ఇంకో కంప్యూటర్ మోసమని ఎర్ర గుర్తు పెట్టింది. రెండూ నా టేబుల్ మీదున్నాయి. ఏది పంపాలో చెప్పండి.”

అబిదా జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న చప్పుడు.

“మేడమ్, రూల్ ప్రకారం కస్టమరూ నిపుణుడూ ఒకే మనిషి కాకూడదు. కరీముల్లాగారు ఏదో ఒకటి వదులుకోవాలి. పైగా ఫోటోలో ఉన్నది ఆయన కాదు. మీకు సర్టిఫికెట్ లేదు.”

“ఆయనకి మాత్రం ఉందా?”

యశస్విని కీబోర్డు టకటకలాడింది. “... లేదు.”

“మరెట్టా తీసుకోవాల?”

ఫోన్లోనే ఇరవై ప్రశ్నల పరీక్ష. సబీహా ప్రశ్నలు చదివింది, అబిదా జవాబులు చెప్పింది. కరీముల్లా కూడా పక్క గదిలో వేరే ఫోన్లో రాశాడు. అబిదాకు పద్దెనిమిది వచ్చాయి. కరీముల్లాకు పదకొండు. ‘వేడెక్కిన ఇంజను వద్ద నిపుణుడు ముందుగా చేయవలసినది?’ అన్నదానికి ఆయన ‘మూత తెరవరాదు’ అని పెట్టాడు. సరైన జవాబు ‘కస్టమరును చిరునవ్వుతో పలకరించుట’. పాసవడానికి పన్నెండు కావాలి.

అలా కరీముల్లా కస్టమరుగా మిగిలాడు. పచ్చ కంపెనీవీ, నీలం కంపెనీవీ కేసులన్నీ ఇప్పుడు అబిదా పేరు మీదే వస్తాయి. బండి మీద పోయేది ఇద్దరూ. కింద పడుకునేది ఎక్కువసార్లు ఆయనే, కాని ఫోటోకు మాత్రం ఆమె స్పానరు పట్టుకుని నిలబడాలి. ఒకసారి దాచేపల్లి దగ్గర ఆగిన కారులో పెద్దమనిషి ఒకాయన, “హెల్పరుకి బానే పని వచ్చినట్టుందే మేడమ్” అన్నాడట. కరీముల్లా ఆ మాట ఇంటికొచ్చి తానే చెప్పుకుని నవ్వాడు. కొంచెం ఆలస్యంగా నవ్వాడని సబీహా అంటుంది.

మొన్న నాదెండ్లనుంచి వెంకటేశ్వర్లుగారు షెడ్డుకొచ్చాడు. మిరప బాగా పండి కొత్త కారు కొన్నాడు. ఏ కంపెనీ పాలసీ తీసుకోమంటావని కరీముల్లానడిగాడు. అడగాల్సిన చోటే అడిగాడు. కరీముల్లా గంటసేపు కూర్చోబెట్టి చెప్పాడు. ఎన్ని కిలోమీటర్లు లాక్కుపోతారో కాదు, ఏ ఊరిదాకానో చూడమన్నాడు. చిన్న అక్షరాలు ముందు చదవమన్నాడు.

“అన్నిటికంటే ముందు ఒకటడుగు బాబాయ్. మా ఊరి కాడ ఆగితే వచ్చే మనిషెవరు, పేరు చెప్పమను. చెప్పలేకపోతే కట్టమాక,” అంది అబిదా టీ ఇస్తూ. “చవకదైనా ఖరీదైందైనా ఈ చుట్టుపక్కల వచ్చేది మేమే. నువ్వెక్కువ కట్టినంత మాత్రాన మేము ఎక్కువ తొందరగా రాం.”

వెంకటేశ్వర్లుగారు అన్నిటికీ తలూపాడు. చానా మంచి మాట చెప్పారమ్మా అన్నాడు. టీ తాగి, ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఎర్రది తీసుకున్నాడట. గుంటూరులో ఉన్న అల్లుడు చెప్పాడట. వాళ్ళు గొడుగు కూడా ఇచ్చారట.